పైబరువు

ఆ రోజు భోజనం మధ్యలో మేస్త్రీ మూడుసార్లు లేచి వెళ్లి, వంటింటి కుళాయి కట్టేసి ఉందో లేదో చూసొచ్చాడు. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారి ఆయన భార్య, "చుక్క కూడా కారడం లేదు, వచ్చి కూర్చోండి," అంది. మూడోసారి చెల్లెలి వైపు చూసింది. చెల్లెలు కంచంలోకి తల దించుకుంది.

చెల్లెలికీ మేస్త్రీకీ పని ఒకే చోట, ఓడల మరమ్మతు యార్డులో. కాకపోతే ఆయన రేవు గట్టు మీద ఉంటాడు, ఆవిడ రెండో అంతస్తులో డ్రాయింగ్ ఆఫీసులో ఉంటుంది. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన బొమ్మ మీద గంజి పెట్టిన పల్చటి గుడ్డ పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ సిరాతో ఆ గుడ్డ మీదికి ఎక్కించడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తోంది కాబట్టి ఆఫీసంతా ట్రేసరమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

"ఇంతకీ ఏమన్నారు?" అని అడిగింది అక్క.

"ఏమంటారు. ట్యాంకులో నీళ్లు వదిలేశానంట."

"వదిలేశారా?"

మేస్త్రీ ముద్ద కలపడం ఆపాడు. "లేవనే అనుకున్నాను."

ఆ 'అనుకున్నాను' అన్న మాట ట్రేసరమ్మకి ముల్లులా గుచ్చుకుంది. బావగారి నోట ఆవిడ ఎప్పుడూ ఉంది, లేదు అనే మాటలే వింది. బోల్టు బిగిసింది అంటే బిగిసిందన్నమాటే. ముప్ఫై ఏళ్లుగా తన చేతిని తాను నమ్ముకుని బతికిన మనిషి రెండు రోజుల్లో కుళాయిని కూడా నమ్మలేని స్థితికి వచ్చాడు.

రేవులో పాత క్రూయిజర్‌కి ముందు రోజు వాలు పరీక్ష పెట్టారు. క్రూయిజర్ సంగతి కొత్తవాళ్లకి మేస్త్రీ ఒక్క ముక్కలో చెబుతుండేవాడు. "యుద్ధనౌకల ఇంట్లో అది నడిపి కోడలు. పెద్ద కోడలు బ్యాటిల్‌షిప్పు, ఆవిడ హోదా ఆవిడది. చిన్న కోడలు డిస్ట్రాయరు, ఉరుకులు పరుగులు, ముద్దు మురిపెం. చాకిరంతా నడిపిదానికే. దారి వెతకాలన్నా అదే, సరుకు ఓడలకి కాపలా ఉండాలన్నా అదే, ఒడ్డు మీద ఫిరంగులు పేల్చాలన్నా అదే." దేశాలన్నీ కూర్చుని, క్రూయిజర్ అన్నది పది వేల టన్నులు మించకూడదని ఒప్పందం రాసుకున్న రోజుల్లో కట్టిన ఓడ అది. వేగం కావాలి, పెద్ద ఫిరంగులు కావాలి, మందపాటి కవచం కావాలి, బరువు మాత్రం పెరగకూడదు. పొట్టి దుప్పటి తల మీదికి లాక్కుంటే కాళ్లు బయటపడ్డట్టు, ఒకటిస్తే ఇంకోటి పోయేది. అందుకే ఆ కాలం డిజైనర్లు గ్రాము గ్రాము కొరికి, ఒళ్లు సన్నగా, పొడుగ్గా చేసి కట్టారు. అంత సన్నటి ఒంటికి నెత్తి మీద బరువు పనికిరాదు.

ఇప్పుడు దాన్ని నావికాదళంలో కొత్తగా చేరేవాళ్లకి చదువు చెప్పే ఓడగా మార్చారు. పై డెక్కు మీద తరగతి గదులు కట్టారు, కొత్త రాడార్ స్తంభం నిలబెట్టారు. ఇన్ని మార్చాక అది నీటి మీద ఎంత స్థిరంగా ఉంటుందో చూడాలి. చూసే పద్ధతి చెబితే పిల్లలాటలా ఉంటుంది. పది టన్నుల ఇనప దిమ్మల్ని డెక్కు మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి జరుపుతారు. ఓడ అటు కొంచెం, కంటికి ఆననంత కొంచెం, ఒరుగుతుంది. లోపల ముందు, మధ్య, వెనక మెట్లదారుల్లో ఆరు మీటర్ల తీగకి వేలాడే గుండు ఎన్ని మిల్లీమీటర్లు జరిగిందో కొలబద్ద మీద చూస్తారు. గుండు ఊగకుండా కింద నూనె తొట్టి పెడతారు. గుండు తక్కువ జరిగితే ఓడ గట్టిది. ఎక్కువ జరిగితే పైబరువు ఎక్కువైందని అర్థం, పెద్ద కెరటం తగిలి ఒరిగిన ఓడ మళ్లీ లేవకపోవచ్చు.

లెక్క ప్రకారం డెబ్బై మిల్లీమీటర్లు జరగాలి. తొంభై ఎనిమిది జరిగింది.

పరీక్షకి ముందు ఓడలో ప్రతి ట్యాంకూ పొడిగా అయినా ఉండాలి, మూతిదాకా నిండుగా అయినా ఉండాలి. సగం నీళ్లుంటే ఓడ ఒరిగిన వైపే అవీ పరిగెత్తి ఇంకాస్త ఒరిగేలా చేస్తాయి, లెక్క తప్పుతుంది. ఇరవై ఆరు ట్యాంకుల్లోనూ కొలత కడ్డీ దించి చూసే బాధ్యత మేస్త్రీది. డ్రాయింగ్ ఆఫీసు సెక్షన్ హెడ్ తొంభై ఎనిమిది అన్న అంకె చూసి పెద్దగా ఆలోచించలేదు. "లెక్కలో తప్పుండదు. ఏదో ట్యాంకులో నీళ్లు మిగిలాయి," అన్నాడు. తెరిచి చూద్దామంటే, ప్రయాణం దగ్గరపడిందని ఆ సాయంత్రమే ట్యాంకులన్నీ నింపేశారు. ఓడ వచ్చే బుధవారం రెండు వందల అరవై మందితో బయల్దేరాలి. మళ్లీ పరీక్ష అంటే ట్యాంకులు ఖాళీ చేయాలి, అందరినీ దింపాలి, గాలి లేని పొద్దు కోసం కాచుకోవాలి. అంత గొడవెందుకని, నీళ్ల వల్ల వచ్చిన తేడా ఇంత అని కాగితం మీదే తీసేసి అంకెని డెబ్బైకి తెస్తారు. అందుకు మేస్త్రీ, 'ఒక ట్యాంకు సరిగా చూడలేదు' అని శనివారం లోగా సంతకం పెట్టాలి. పెడితే పదవీ విరమణకి మిగిలిన ఎనిమిది నెలలూ గోడౌన్‌లో కూర్చోబెడతారు. పెట్టకపోతే విచారణ.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాడట," అంది అక్క, కంచాలు ఎత్తుతూ. "వాళ్ల బొమ్మ తప్పేమో చూసుకోవచ్చుగా."

"వాళ్లు చదువుకున్నవాళ్లు," అన్నాడు మేస్త్రీ. "నా కడ్డీయే సరిగా దిగలేదేమో. పదిహేడో ట్యాంకు దగ్గర ఎవరో పిలిచినట్టు గుర్తు. అప్పుడు చూశానో, చూశాననుకున్నానో."

మర్నాడు గురువారం. సెక్షన్ హెడ్ ట్రేసరమ్మ బల్ల మీద ఒక పెన్సిలు కాగితం పెట్టి, "దీన్ని సాయంత్రానికి శుభ్రంగా రాసివ్వండి, చీఫ్ డిజైనర్ గారు రేపు రాత్రికి వస్తున్నారు," అన్నాడు. సెక్షన్ హెడ్ చెడ్డవాడు కాదు. పుట్టినరోజుకి అందరికీ మిఠాయి పంచుతాడు, ఎవరికి సెలవు కావాలన్నా ఇస్తాడు. పని త్వరగా తెమలాలన్నది ఒక్కటే ఆయన కోరిక, ఆ కోరిక చాలా బలమైనది.

ఆ కాగితం వాలు పరీక్ష ఫలితం. ట్రేసరమ్మ సిరా కలం మూతి తుడిచి, అక్షరాలు పేర్చడం మొదలుపెట్టింది. మామూలుగా ఆవిడ చదవదు. చదివితే చెయ్యి ఆగుతుంది, ఆగిన చోట సిరా ఉబ్బుతుంది. ఆ రోజు మాత్రం బావగారి పేరు ఎక్కడొస్తుందోనని చదువుతూ రాసింది. పేరు రాలేదు కానీ, నాలుగో వరుసలో ఇలా ఉంది: 'మాస్టర్ షీటులోని మార్పుల పట్టిక ప్రకారం ఈ ఓడకి ఇంతకు ముందు పైభాగంలో చేర్చిన బరువులేమీ లేవు. కాబట్టి తరగతి గదులకూ స్తంభానికీ కలిపి అరవై టన్నులు అనుమతించడమైనది.'

చెయ్యి ఆగింది. సిరా ఉబ్బింది.

ముప్ఫై ఏళ్ల ఓడకి చేర్చిన బరువులేమీ లేకపోవడమేమిటి. విమానాల భయం పట్టుకున్నాక చిన్న ఫిరంగులు ఎన్ని ఎక్కించలేదు, రాడార్ వచ్చాక ఎన్ని గదులు కట్టలేదు. వాటిలో సగం ఈ చేత్తోనే గీసింది. ఆవిడ లేచి వెళ్లి అలమరలోంచి ఓడ అసలు బొమ్మ, మాస్టర్ షీటు తీసింది. కుడి మూల మార్పుల పట్టిక, గళ్లు గీసి, శుభ్రంగా, ఖాళీగా ఉంది. పట్టిక కింద ట్రేస్ చేసినవారు అన్న చోట చిన్న అక్షరాలతో తన సంతకం.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగేళ్ల కింద పాత మాస్టర్ షీటు మడతల్లో చిరిగిపోతే కొత్త గుడ్డ మీదికి ఎక్కించమన్నారు. ఓడ అంతా అయింది, పట్టిక మిగిలింది. చీమ తలకాయలంత అక్షరాలు, పదకొండు వరుసలు. సెక్షన్ హెడ్ అటుగా వెళ్తూ, "ఆ పాత చెత్తంతా ఎందుకండీ, వదిలెయ్యండి, కావాలంటే తర్వాత రాసుకోవచ్చు," అన్నాడు. ఆవిడ కళ్లు అప్పటికే మంటలు పుడుతున్నాయి. రెండు రోజుల పని తప్పిందని సంతోషపడింది కూడా. ఆ సంతోషం ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయింది. తర్వాత ఎవరూ రాసుకోలేదు. ఖాళీ పట్టిక చూసిన ప్రతివాళ్లూ ఖాళీ అంటే ఏమీ లేదనే అనుకున్నారు.

చిరిగిన పాత గుడ్డ? ఆఫీసులో రివాజు ప్రకారం పనికిరాని ట్రేసింగ్ గుడ్డ ట్రేసర్లకే ఇస్తారు. వేణ్నీళ్లలో నానబెట్టి గంజి, సిరా వదలగొడితే మంచి మెత్తటి బట్ట. ఆ గుడ్డతో అక్క ఎప్పుడో దిండు గలీబులు కుట్టేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక ట్రేసరమ్మ నేలమాళిగలోని స్టోరుకి దిగింది. పట్టిక పోయినా, ఒక్కో మార్పుకీ అప్పట్లో గీసిన విడి బొమ్మ ఉండాలి కదా. స్టోరు గుమాస్తా కుర్చీలో కునికిపాట్లు పడుతూ, "మీకు కావలసినవి మీరే తీసుకోండమ్మా, నాకు మోకాళ్లు," అన్నాడు. రెండు గంటలు దుమ్ము తిన్నాక పదకొండూ దొరికాయి. ప్రతిదాని మూలా దాని బరువు, ఎత్తు రాసి ఉన్నాయి. కింది బరువులు తీసేసిన కాగితం కూడా ఒకటి దొరికింది. ఎప్పుడో ఒక బాయిలరు, పాత మందుగుండు అరల కవచం విప్పేశారు. పైన ఎంత పెట్టారో కింద అంత తీశారు, అందుకే ఓడ నీట్లో ఎప్పటి గీత దగ్గరే నిలబడింది, ఎవరికీ అనుమానం రాలేదు.

పైకొచ్చి పదకొండు గుడ్డల్నీ ఒకదాని మీద ఒకటి, ఓడ అడుగు గీత అడుగు గీతకి కలిపి, కిటికీ అద్దానికి ఆనించింది. గుడ్డలు పల్చన కాబట్టి వెలుతురు దూరుతుంది. ఓడ కింది భాగం తెల్లగా, మామూలుగా ఉంది. డెక్కు పైన మాత్రం గీత మీద గీత, గీత మీద గీత, ఓడ నడిపే గది ఎక్కడుందో తెలియనంత నలుపు. ఒక్కోటీ గీసినప్పుడు ఇదెంత, పది టన్నులేగా, పన్నెండు టన్నులేగా అని అందరూ అనుకున్నవే. ఆవిడ కాగితం తీసి కూడింది. కొత్త అరవై కాక, నూట ముప్ఫై ఎనిమిది టన్నులు.

గుడ్డలు చుట్టి తన బల్ల కింద పెట్టింది.

"అయితే ట్యాంకులో నీళ్లు లేవన్నమాట," అన్నాడు మేస్త్రీ, ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని అంతా విన్నాక. ఆయన అడిగింది అదొక్కటే.

ట్రేసరమ్మకి అవునని చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది. "నేను ట్యాంకులో దూరి చూశానా బావగారూ. ఒకటి మాత్రం చెప్పగలను, నీళ్లు లేకపోయినా అది అంత ఒరుగుతుంది."

"అంటే లేవని నువ్వూ చెప్పలేవు."

"లేను."

ఆయన తల ఊపాడు. తర్వాత మెల్లగా, "నువ్వు చీఫ్ గారి దగ్గరికి వెళ్లకు," అన్నాడు. "నాదేముంది, ఎనిమిది నెలలు. గోడౌన్‌లో కూర్చుంటే నీడపట్టున ఉంటాను. నీకింకా తొమ్మిదేళ్లుంది. ఆ పట్టిక కింద నీ సంతకం ఉంది. వదిలెయ్యమన్నవాడు కాగితం మీద రాసిచ్చాడా?"

"లేదు."

"మరి."

అక్క గుమ్మంలో నిలబడి వింటోంది. ఆవిడకి ఇద్దరూ కావాలి. "మొత్తానికి మీ ఇద్దర్లో ఒకరు ఇంట్లో కూర్చోవడం ఖాయమన్నమాట," అంది. నవ్వించాలని అన్న మాట.

"నా సంగతీ మీ సంగతీ కాదక్కా," అంది ట్రేసరమ్మ. "బుధవారం రెండు వందల అరవై మంది ఎక్కుతారు. కాగితం మీద డెబ్బై అని రాసినంత మాత్రాన సముద్రం కాగితం చదువుతుందా?"

మేస్త్రీ లేచి లోపలికి వెళ్లాడు. అడుగుల చప్పుడు కుళాయి దగ్గర ఆగడం ఇద్దరికీ వినబడింది.

శనివారం పొద్దున్నే చీఫ్ డిజైనర్ గదిలో కిటికీకి పదకొండు గుడ్డలూ పిన్నులతో గుచ్చి ఉన్నాయి. ఆయన పొడుగాటి మనిషి, మాట పొదుపు. కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. ముక్కు గుడ్డకి ఆనేంత దగ్గరగా వెళ్లి చూశాడు.

"మాస్టర్ షీటులో పట్టిక ఎందుకు ఖాళీగా ఉంది?"

"నేను ఖాళీగా వదిలానండి."

"మీ అంతట మీరేనా?"

సెక్షన్ హెడ్ పక్కనే నిలబడి ఉన్నాడు. ట్రేసరమ్మ ఆయన వైపు చూడలేదు. "సెక్షన్ హెడ్ గారు వదిలెయ్యమన్నారు. నేను రాయించుకోలేదు. మర్నాడు గుర్తు చేయలేదు. పని తప్పిందని ఊరుకున్నాను."

"నాకలా అన్నట్టు గుర్తు లేదు సార్," అన్నాడు సెక్షన్ హెడ్. అది అబద్ధం కాకపోవచ్చు. రోజుకి యాభై మాటలు అలా నడుస్తూ అనేవాడు, అందులో ఇదొకటి. ఆయన మొహం పాలిపోయింది, చేతిలో మేస్త్రీ సంతకం పెట్టాల్సిన కాగితం మడతపడుతోంది.

చీఫ్ డిజైనర్ ఆ కాగితం తీసుకుని చదివాడు. చించలేదు, కోప్పడలేదు. సొరుగులో పెట్టుకున్నాడు. "గుర్తు లేకపోతే లేదు. ఖాళీ పట్టిక చూసి, ముప్ఫై ఏళ్ల ఓడకి ఇదేమిటని మీరూ అడగలేదు. ఆ అనుమతి పేపరు మీద సంతకం పెట్టి నేనూ అడగలేదు." తర్వాత ట్రేసరమ్మతో, "నెలాఖరు నుంచి మీరు ప్రింటు గదికి వెళ్లాలి. మాస్టర్ షీట్లు ఇక మీ చేతికి ఇవ్వలేను. అది తప్పదు," అన్నాడు.

"సరేనండి."

ప్రింటు గది అంటే అమ్మోనియా వాసన, పొద్దస్తమానం కాగితాలు తిప్పడం. గీత గీసే పని ఉండదు. దానికి సిద్ధపడే వచ్చింది, అయినా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడకి ఆ పనంటే ప్రాణం.

"పరీక్ష సోమవారం మళ్లీ పెడతాం," అన్నాడు చీఫ్ డిజైనర్. "ట్యాంకులు మేస్త్రీయే చూస్తాడు. ముందు గుండు దగ్గర సెక్షన్ హెడ్ ఉంటారు, వెనక గుండు దగ్గర నేనుంటాను. మధ్య గుండు మీరు చూడండి. అర మిల్లీమీటరు పట్టే కన్ను ఈ ఆఫీసులో ఇంకెవరికుంది?"

సోమవారం పొద్దున గాలి లేదు, రేవులో నీళ్లు కదలడం లేదు. ట్రేసరమ్మ ఆ ఓడ ఎక్కడం అదే మొదటిసారి. ఇన్నేళ్లూ దాన్ని గోరంత కొలతలో గీసింది కానీ, మెట్లు ఇంత నిటారుగా ఉంటాయని, ఇనుము ఇలా చెమట వాసన వేస్తుందని ఎవరూ చెప్పలేదు. దారి మాత్రం ఎవర్నీ అడగలేదు. రెండో తలుపు, ఎడమకి, మెట్లు, కుడికి. ఎక్కడికక్కడ తను గీసిన గీతే గోడై నిలబడి ఉంది.

పరీక్షప్పుడు ఓడ మీద అక్కర్లేని మనిషి ఉండకూడదు. ఉన్నవాళ్ల బరువు కూడా రాసుకుంటారు, ఎవరి గుర్తు మీద వాళ్లు కదలకుండా నిలబడాలి. మేస్త్రీ సుద్ద ముక్క పట్టుకుని వచ్చాడు. "బరువెంత మరదలా?"

"యాభై ఎనిమిది."

"మీ అక్క అరవై నాలుగంది."

"అక్క కాటా అక్కలాగే ఎప్పుడూ రెండు ఎక్కువే మాట్లాడుతుంది. అరవై రెండు రాసుకోండి."

సుద్దతో గుర్తు గీసేటప్పుడు ఆయన వేళ్లు తెల్లబడి ఉన్నాయి. తెల్లవారకముందే వచ్చి ఇరవై ఆరు ట్యాంకులూ చూశాడు. ఒక్కొక్కదాన్నీ రెండుసార్లు కడ్డీ దించి, పొడి కడ్డీని చీఫ్ డిజైనర్‌కి చూపించి, పక్క ట్యాంకుకి వెళ్లాడు. పదిహేడో దాని దగ్గర మూడుసార్లు దించాడని తర్వాత చీఫ్ డిజైనర్ చెప్పాడు.

మెట్లదారి అడుగున, నూనె తొట్టి పక్కన ట్రేసరమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. పైన, తలుపు దగ్గర, తన గుర్తు మీద మేస్త్రీ నిలబడ్డాడు. కింద నుంచి ఆవిడకి ఆయన బూట్లు కనబడుతున్నాయి. డెక్కు మీద దిమ్మలు జరిపిన గరగర వినిపించింది. ఓడ కదిలినట్టే లేదు. తీగ మాత్రం బద్ద మీద నెమ్మదిగా, జరగడం ఇష్టం లేనట్టు జరిగింది. నూనెలో గుండు నిలబడేదాకా ఆవిడ బద్ద మీంచి కన్ను తీయలేదు.

ఆ క్షణంలో ఆవిడకి ఒక భయం పట్టుకుంది. ఎనభై దగ్గర ఆగితే? అప్పుడు నిజంగానే ఆ రోజు నీళ్లుండి ఉంటాయి. పదకొండు గుడ్డలూ నిజమే, బావగారి తప్పూ నిజమే అవుతుంది. ఈ ఓడ బాగుండాలని రేవులో అందరూ కోరుకుంటుంటే, ఎక్కువ జరగాలని కోరుకుంటున్నది తనొక్కతే. పాపమో ఏమో, కోరుకుంది.

"ముందు గుండు," అని పైనుంచి కేక.

"తొంభై ఏడున్నర," అంది సెక్షన్ హెడ్ గొంతు. ఆ గొంతులో ఎప్పటి తొందర లేదు.

"మధ్య గుండు."

ట్రేసరమ్మ బద్ద మీదికి వంగి, ఒక కన్ను మూసి చూసింది. ఇంకోసారి చూసింది. "తొంభై ఎనిమిది."

"వెనక, తొంభై ఎనిమిది," అన్నాడు చీఫ్ డిజైనర్.

దిమ్మల్ని అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఇంకో మూడుసార్లు జరిపారు. అంకె మారలేదు. తరగతి గదులు విప్పాలి, పాత రాడార్ గదుల్లో రెండు తీసేయాలి, బుధవారం ప్రయాణం లేదు. చీఫ్ డిజైనర్ చెబుతుంటే డెక్కు మీద ఒక్కొక్కరి మొహం వేలాడిపోయింది. నాలుగు నెలల పని వెనక్కి పోయింది మరి. అందరూ నిచ్చెన వైపు నడిచారు. సెక్షన్ హెడ్ మేస్త్రీ దగ్గరికొచ్చి ఆగి, ఏదో చెప్పబోయి, "మీ పేపరు చీఫ్ గారి దగ్గరే ఉంది, అడిగి తీసుకోండి," అని వెళ్లిపోయాడు.

ట్రేసరమ్మ మెట్లెక్కి పైకొచ్చేసరికి మేస్త్రీ ఇంకా సుద్ద గుర్తు మీదే నిలబడి ఉన్నాడు.

"బావగారూ, అయిపోయింది. దిగుదాం."

"ఎంతొచ్చింది?"

"విన్నారుగా."

"విన్నాను. నువ్వు చూసి చెప్పు."

"తొంభై ఎనిమిది."

"ఆ రోజూ తొంభై ఎనిమిదే."

"ఆ రోజూ అంతే."

"అయితే ఆ రోజు కూడా పొడిగానే ఉన్నాయి," అన్నాడు మేస్త్రీ. "పదిహేడోది కూడా."

"పదిహేడోది కూడా బావగారూ."

ఆయన తలుపు చట్రం పట్టుకుని ఆ గుర్తు మీదే చతికిలబడ్డాడు. కింద ఎవరో పిలుస్తున్నారు. ఆవిడ పక్కనే కూర్చుంది. కాసేపటికి ఆయన, "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

ఆవిడ ఇంకోసారి చెప్పింది.